పేపర్లు లేని లాటినో పిల్లలకు అమెరికాలో ఏ కాలేజీ దారి మేలు?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో స్కూలు టీచర్లున్నారు, వారాంతాల్లో పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పేవాళ్లున్నారు. వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: "మా అమ్మాయి బాగా చదువుతుంది, కానీ మాకు పేపర్లు లేవు. కాలేజీకి పంపొచ్చా?" పేపర్లంటే అమెరికాలో ఉండడానికి చట్టబద్ధమైన అనుమతి. అడిగేది మెక్సికో నుంచో, గ్వాటెమాల నుంచో, హోండురస్ నుంచో పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన లాటినో (లాటిన్ అమెరికా దేశాల) తల్లిదండ్రులు. పంపొచ్చు. పేపర్లు లేనివాళ్లు కాలేజీలో చేరకూడదని చెప్పే ఫెడరల్ చట్టం ఏదీ లేదు. ఇప్పటికే అమెరికా కాలేజీల్లో ఇలాంటి విద్యార్థులు 4 లక్షలకు పైగా ఉన్నారని అంచనా. వాళ్లందరూ లాటినోలు కారు, కానీ పెద్ద వాటా వాళ్లదే.

చిక్కంతా ఎక్కడ చేరాలన్న దగ్గర. కౌన్సెలర్లు మామూలుగా ర్యాంకింగ్, మేజర్ (ప్రధాన సబ్జెక్టు), క్యాంపస్ గురించి మాట్లాడతారు. ఈ పిల్లల విషయంలో నేనైతే మరో ప్రశ్నతో మొదలుపెడతాను: మధ్యలో రూల్ మారితే చేతిలో ఏం మిగులుతుంది? ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2025 జూన్ 4న టెక్సస్ మీద కేంద్ర న్యాయశాఖ కేసు వేసింది, రాష్ట్రం ఆ రోజే ఒప్పేసుకుంది, కోర్టు ఆ రోజే ఉత్తర్వు ఇచ్చేసింది. పేపర్లు లేని విద్యార్థులకు 24 ఏళ్లుగా ఉన్న ఫీజు రాయితీ ఒక్క పూటలో పోయింది. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లకూ మినహాయింపు లేదు.

కాలేజీ కంటే ముందు రాష్ట్రం

1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల పేపర్లు లేని పిల్లలకు కూడా 12వ తరగతి దాకా ప్రభుత్వ బడి ఉచితం. ఆ తీర్పు కాలేజీ గడప దగ్గర ఆగిపోతుంది. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, లోన్లు, వర్క్ స్టడీ (చదువుకుంటూ చేసే పని) ఏవీ రావు. ఇక మిగిలింది రాష్ట్రం ఇచ్చేదే. 1996 నాటి ఫెడరల్ చట్టం ఒకటి, "మా రాష్ట్రంలో నివాసం ఉంటున్నారు కాబట్టి" అన్న కారణంతో వీళ్లకు ఫీజు తగ్గించొద్దని, తగ్గిస్తే ఏ రాష్ట్రపు అమెరికన్ పౌరుడికైనా అదే తగ్గింపు ఇవ్వాలని చెప్పింది. దాంతో రాష్ట్రాలు నివాసాన్ని పక్కనపెట్టి, చదివిన చోటును పట్టుకున్నాయి. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్, నాన్-లోకల్ ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేల్చినట్టే. కాలిఫోర్నియాలో మూడేళ్లు హైస్కూల్ చదివి పాసైతే లోకల్ ఫీజు. ఆ చట్టం పేరు ఏబీ 540. టెక్సస్, కాలిఫోర్నియా రెండూ 2001లోనే ఈ పద్ధతి తెచ్చాయి. తర్వాత ఇరవై దాకా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

అందుకే "టెక్సస్‌లో రాయితీ పోయిందిగా, కాలిఫోర్నియాకి మారిపోండి" అనే సలహా చాలాసార్లు పనికిరాదు. హ్యూస్టన్‌లో చదివిన పిల్లకి లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నంత మాత్రాన ఏబీ 540 వర్తించదు. తొమ్మిదో తరగతి పిల్లవాడి కుటుంబం ఎలాగూ ఊరు మారాలనుకుంటుంటే అది వేరే మాట. అప్పుడు ఏ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తవుతుందో చూసుకుని మారడం తెలివైన పనే.

2025 చివరి నాటికి పరిస్థితి స్థూలంగా ఇలా ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి, న్యూజెర్సీ, వాషింగ్టన్, న్యూ మెక్సికో వంటి చోట్ల లోకల్ ఫీజుతో పాటు రాష్ట్రపు సొంత ఆర్థిక సాయం కూడా అడగవచ్చు. న్యూయార్క్ ఈ సాయాన్ని 2019లో హోసే పెరాల్టా పేరు మీద చట్టంగా చేసింది. అరిజోనాలో 2006లో ఓటర్లే లోకల్ ఫీజు తీసేశారు, 2022లో ఆ ఓటర్లే తిరిగి ఇచ్చారు. ఫ్లోరిడా 2014లో ఇచ్చింది, 2025 జూలై నుంచి వెనక్కి తీసుకుంది. జార్జియాలో పోటీ ఎక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటే ఇవ్వరు, మిగతా చోట్ల నాన్-లోకల్ ఫీజు. సౌత్ కరొలైనా, అలబామా ప్రభుత్వ కాలేజీల తలుపే మూసేశాయి.

పై వరసలోని మంచి రాష్ట్రాలు కూడా నిశ్చింతగా లేవు. టెక్సస్ తర్వాత కెంటకీ, మిన్నెసోటా, ఓక్లహోమా, ఇల్లినాయి, కాలిఫోర్నియా మీద కూడా 2025లోనే కేంద్రం కేసులు వేసింది. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ఓక్లహోమా టెక్సస్‌లాగే చేతులెత్తేసింది. కాలిఫోర్నియా అలా చేసే రాష్ట్రం కాదు. పైగా ఏబీ 540 చెల్లుతుందని 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది కూడా. రాష్ట్రాన్ని అంచనా వేసేటప్పుడు చట్టం ఉందా లేదా అన్నదొక్కటే చాలదు, కోర్టులో దాన్ని కాపాడుకునే ఉద్దేశం అక్కడి ప్రభుత్వానికి ఉందా అన్నది కూడా చూడాలి.

కమ్యూనిటీ కాలేజీయా, నేరుగా యూనివర్సిటీయా

కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ ఫీజుతో రెండేళ్ల డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీ. మనవాళ్లకు అదంటే చిన్నచూపు. పిల్లలు అందులో చేరారంటే నలుగురిలో చెప్పుకోరు. ఆ చూపుతో ఇక్కడ సలహా ఇస్తే అవతలివాళ్లకు నష్టం చేసినట్టే.

కాలిఫోర్నియా లెక్క చూడండి. కమ్యూనిటీ కాలేజీలో ఏబీ 540 విద్యార్థికి యూనిట్‌కి 46 డాలర్లు. రెండేళ్లకు కావాల్సిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ప్రామిస్ గ్రాంటు కింద అదీ మాఫీ అవుతుంది. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లో 2025-26 ఏడాది ట్యూషన్ ఆరున్నర వేల డాలర్ల దగ్గర, పైన క్యాంపస్ ఫీజులు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో లోకల్ ఫీజే అంతకు రెట్టింపు దాటుతుంది. లోకల్ హోదా లేకపోతే దాని మీద మరో 37 వేల డాలర్లకు పైగా అదనం. ఈ మూడు చోట్లా రాష్ట్ర సాయం అడగవచ్చు. దానికి ఫెడరల్ సాయం కోసం నింపే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం కాదు, కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ అప్లికేషన్ అనే వేరే ఫారం ఉంది. సాధారణంగా మార్చి 2 గడువు. ఆ తేదీ దాటితే రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంటు వంటి పెద్ద మొత్తాలు చేజారతాయి. పిల్లల మార్కుల కంటే ఈ తేదీ మీదే నాకు ఎక్కువ టెన్షన్ ఉంటుంది.

మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివితే చేతికి అసోసియేట్ డిగ్రీ వస్తుంది. మూడో ఏట ఏ ఉపద్రవం వచ్చినా అది ఎవరూ లాక్కోలేరు. నేరుగా యూనివర్సిటీలో చేరి రెండేళ్ల తర్వాత ఆగిపోతే చేతిలో ఉండేది మార్కుల షీటు మాత్రమే. పైగా ఆ తర్వాతి మెట్టు కూడా రాతపూర్వకంగా ఉంది: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు యూసీ క్యాంపస్‌లు, చెప్పిన కోర్సులు చెప్పిన జీపీఏతో పూర్తిచేసినవాళ్లకు సీటు హామీ ఇస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ ఆ హామీలో లేవు.

ఇటువైపు లోపాలు లేవని కాదు. కమ్యూనిటీ కాలేజీలో చేరేటప్పుడు తర్వాత యూనివర్సిటీకి బదిలీ అవుతామనుకున్నవాళ్లు చాలామంది అవ్వరు. పగలు పని, సాయంత్రం క్లాసు, రెండేళ్లది నాలుగేళ్లవుతుంది, తర్వాత ఎప్పుడో ఆగిపోతుంది. ఇంకోటి, ఈ కాలేజీల్లో చాలావాటికి హాస్టల్ ఉండదు. రోజూ కారులో వెళ్లాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయి పేపర్లు లేనివాళ్లకూ డ్రైవింగ్ లైసెన్సు ఇస్తాయి. టెక్సస్ ఇవ్వదు. లైసెన్సు లేకుండా రోజుకు నలభై మైళ్లు నడిపే పిల్లవాడికి ఫీజు కంటే ట్రాఫిక్ పోలీసే పెద్ద ఖర్చు. బస్సు వెళ్లే కాలేజీ ఉంటే, కొంచెం పేరు తక్కువైనా, అదే తీసుకోమంటాను.

నా ఓటు ఇలా: రాష్ట్ర సాయం ఉన్నచోట, నాలుగేళ్లకూ సాయం లెక్క కాగితం మీద కనిపిస్తే, చదువులో ముందున్న పిల్ల నేరుగా యూనివర్సిటీకి వెళ్లొచ్చు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ మాత్రమే చూపించి, "తర్వాత చూద్దాం" అన్నచోటుకు వద్దు. మిగతావాళ్లకు కమ్యూనిటీ కాలేజీ, అదీ మొదటి సెమిస్టర్‌లోనే బదిలీ కౌన్సెలర్‌ని కలిసి కోర్సుల పట్టిక రాయించుకున్నాక. న్యూయార్క్ నగరంలో మాత్రం ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ నగరపు ప్రభుత్వ యూనివర్సిటీ అయిన క్యూనీ నాలుగేళ్ల కాలేజీలో లోకల్ ట్యూషన్ ఏడాదికి 6,930 డాలర్లు, సబ్‌వేలో వెళ్లిరావచ్చు, ఇల్లు వదలక్కర్లేదు. నేరుగా అందులో చేరడమే మేలు.

టెక్సస్‌లో ఇప్పుడు ఎవరికి వాళ్లు లెక్క మళ్లీ వేసుకోవాలి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌లో నాన్-లోకల్ ఫీజు లోకల్ కంటే మూడు రెట్లు దాటుతుంది. కమ్యూనిటీ కాలేజీలో కూడా నాన్-లోకల్ రేటు పడుతుంది కానీ, అది కూలి పని చేసుకునే కుటుంబం సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టుల చొప్పున కట్టుకోగలిగిన మొత్తం. సరిహద్దు దగ్గర రియో గ్రాండ్ లోయలోని మెకాలెన్, బ్రౌన్స్‌విల్ ప్రాంతాల పిల్లలకు ఇంకో అడ్డం ఉంది, బయటివాళ్లకు తట్టదు. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లే 281 హైవే మీద ఫాల్ఫురియాస్ దగ్గర బార్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది. అమెరికాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలన్నా అక్కడ పౌరసత్వం అడుగుతారు. కాబట్టి ఆస్టిన్‌లో సీటొచ్చినా, స్కాలర్‌షిప్ వచ్చినా, ఆ పిల్లవాడు లోయ దాటి వెళ్లలేడు. అతనికి ఉన్న ఎంపిక ఆ లోయలోని సౌత్ టెక్సస్ కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ రియో గ్రాండ్ వ్యాలీ, లేదా ఆన్‌లైన్.

ప్రైవేటు కాలేజీ: కొందరికి ఇదే అన్నిటికంటే చవక

ప్రైవేటు కాలేజీ అనగానే ఏడాదికి ఎనభై వేల డాలర్లు గుర్తొచ్చి పేజీ మూసేస్తారు. కానీ రాష్ట్రాల రాయితీ చట్టాలతో, వాటి మీద పడే కేసులతో ప్రైవేటు కాలేజీలకు పని లేదు. సొంత డబ్బు ఎవరికైనా ఇవ్వొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్ పౌరసత్వం చూడకుండా, డబ్బు ఉందా లేదా అని చూడకుండా సీటిస్తాయి. తర్వాత అవసరమైనంత సాయం చేస్తాయి. కుటుంబ ఆదాయం ముప్పై వేలున్న పిల్లకి అక్కడ చదువు, తిండి, గది దాదాపు ఉచితం. అయితే వీటిలో సీటు వందలో పదిమందికి కూడా దక్కదు. అది పక్కా దారిగా పెట్టుకోకూడదు, అప్లై చేయకుండానూ ఉండకూడదు.

మిగతా ప్రైవేటు కాలేజీల్లో అడగాల్సింది ఒకటే: పేపర్లు లేని విద్యార్థిని మీరు స్థానిక అభ్యర్థిగా చూస్తారా, విదేశీ అభ్యర్థిగానా? రెండోదైతే సాయం నిధి చిన్నది, పోటీ ప్రపంచం మొత్తంతో. వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాయని కాలేజీలు చాలా ఉన్నాయి.

ఇవి కాక మధ్యస్థంగా ఉండే మంచి చోట్లు కొన్ని. చికాగోలో లయోలా యూనివర్సిటీ 2015లో మొదలుపెట్టిన అరూపే కాలేజీ రెండేళ్ల డిగ్రీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసమే పెట్టినది, పేపర్లు అడగదు. 2014లో మొదలైన ద డ్రీమ్ డాట్ యూఎస్ స్కాలర్‌షిప్ రెండు రకాలు: ఒకటి సొంత రాష్ట్రంలో చదివేవాళ్లకు, రెండోది జార్జియా లాంటి తలుపులు మూసిన రాష్ట్రాల పిల్లల్ని డెలవేర్ స్టేట్, ఈస్టర్న్ కనెక్టికట్ స్టేట్, ట్రినిటీ వాషింగ్టన్ వంటి చోట్లకు తీసుకెళ్లేది. అమెరికాకు ఎప్పుడు వచ్చారన్న తేదీ మీద షరతు ఉంటుంది, అది మారుతుంటుంది కాబట్టి ఆ ఏటి నిబంధనే చదవాలి. జార్జియా, ఫ్లోరిడా, టెక్సస్ పిల్లలకు నా వరసలో ఈ రెండో రకం మొదటిది. ఇల్లు వదిలి వెయ్యి మైళ్లు వెళ్లాలి, విమానం ఎక్కాలంటే సొంత దేశపు పాస్‌పోర్టు చూపించాలి, అమ్మకు నిద్ర పట్టదు. అవన్నీ నిజమే.

మేజర్ ఎంచుకునేటప్పుడు

డిగ్రీ రావడం ఒకటి, దాంతో పని చేయగలగడం ఇంకొకటి. చిన్నప్పుడే అమెరికా వచ్చిన పేపర్లు లేనివాళ్ల కోసం 2012లో ఒబామా తెచ్చిన డాకా పథకం కింద రెండేళ్లకోసారి వర్క్ పర్మిట్ దొరికేది. 2007 జూన్ 15కి ముందు నుంచీ దేశంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. పైగా 2021లో టెక్సస్ ఫెడరల్ కోర్టు ఉత్తర్వు తర్వాత కొత్త దరఖాస్తులు ఆమోదించడం లేదు. ఇప్పుడు హైస్కూల్ పూర్తిచేస్తున్న పిల్లలకు డాకా లేనట్టే అనుకుని లెక్క వేయాలి. వాళ్ల అక్కలకు, అన్నలకు ఇచ్చిన సలహా వీళ్లకు ఇవ్వకూడదు.

అందరూ అడిగేది నర్సింగ్. కాలిఫోర్నియా 2014లో చట్టం చేసి, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా పన్ను గుర్తింపు నంబర్‌తో వృత్తి లైసెన్సులు ఇమ్మంది. ఆ ఏడాదే సెర్హియో గార్సియా అనే పేపర్లు లేని లాయర్‌కు ప్రాక్టీసు చేసే అర్హత ఉందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం లేదు; నాలుగేళ్లు నర్సింగ్ చదివాక లైసెన్సు పరీక్ష దగ్గర ఆపేస్తారు. లైసెన్సు వచ్చినా, ఆస్పత్రి ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు వర్క్ పర్మిట్ అడగక తప్పదు. మధ్యలో క్లినికల్ శిక్షణకు వెళ్లే ఆస్పత్రి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతుంది. టీచింగ్ కూడా అంతే.

సొంతంగా నడుపుకోగలిగే పని ఉన్న చదువులు ఈ పిల్లలకు తేలిక: అకౌంటింగ్, డిజైన్, అనువాదం, బిజినెస్. పన్ను నంబర్‌తో సొంత సంస్థ పెట్టుకుని పన్ను కట్టేవాళ్లు ఉన్నారు. ఇందులోనూ చట్టపరమైన చిక్కులు ఉన్నాయి, లాయర్‌ని అడిగే చేయాలి. అలాగని నర్సు కావాలన్న పిల్లని అకౌంటింగ్‌లోకి నెట్టమని కాదు. బయాలజీ లాంటి విశాలమైన డిగ్రీ తీసుకుని, లైసెన్సు మెట్టును రెండేళ్లు వాయిదా వేసుకునే వీలుంచుకోవడం మంచిది. పీహెచ్‌డీ వైపు చూసేవాళ్లకు ఒక మాట: రీసెర్చ్ అసిస్టెంట్ జీతం ఉద్యోగం కిందికి వస్తుంది, ఫెలోషిప్ డబ్బు ఉద్యోగం కిందికి రాదు. డిపార్ట్‌మెంట్‌ని ఫెలోషిప్ గురించే అడగాలి.

దేశం వదిలి చదవడం

మెక్సికోలో ఉనామ్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు నామమాత్రం. అక్కడ పుట్టిన పిల్లకి హక్కుగా పోటీ పడే అవకాశం ఉంది. కానీ ఒకసారి దాటితే తిరిగి రావడం మీద 1996 చట్టం పిడుగులా పడుతుంది: 18 ఏళ్లు నిండాక 180 రోజులు మించి పేపర్లు లేకుండా ఉండి వెళితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వెళితే పదేళ్లు తిరిగి రానివ్వరు. 18 నిండకముందు గడిపిన కాలం లెక్కలోకి రాదు. అంటే ఈ దారి ఆలోచించే కుటుంబం పద్దెనిమిదిన్నర ఏళ్లలోపే నిర్ణయం తీసుకోవాలి. అప్పుడు వెళ్లినా వీసా వస్తుందన్న హామీ లేదు. ఇంట్లో మాట్లాడే స్పానిష్‌కీ యూనివర్సిటీ స్పానిష్‌కీ మధ్య దూరం కూడా తక్కువేం కాదు. మెక్సికోలో దగ్గరి బంధువులు ఉండి, పిల్లే వెళ్తానంటే తప్ప నేనీ దారి సూచించను. కెనడా అయితే విదేశీ విద్యార్థి ఫీజు. ఈ కుటుంబాలకు అందదు.

మన హెచ్-4 పిల్లల సంగతి వేరు

హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకిచ్చే హెచ్-4 వీసాతో ఉండి, గ్రీన్ కార్డు క్యూలో ఇరుక్కుని 21 నిండగానే హోదా కోల్పోయే మన పిల్లలకూ ఫెడరల్ సాయం రాదు. కానీ దారులు ఒకటి కావు. 2012 జూన్ 15న చట్టబద్ధ హోదాలో ఉన్నందువల్లే వాళ్లకు డాకా రాలేదు. హెచ్-4 చెల్లుబాటులో ఉంటే ఏబీ 540 వర్తించదు, మామూలు నివాస నిబంధనలతో లోకల్ ఫీజు అడగాలి. 21 నిండేలోపు దరఖాస్తు చేసి ఎఫ్-1 విద్యార్థి హోదాకి మారే వీలు వాళ్లకుంది. లాటినో పిల్లకి అది లేదు. ఒకరి అనుభవం ఇంకొకరికి సలహాగా ఇస్తే ఇద్దరూ తప్పు ఫారం నింపుతారు.

ఫారాల మాట వచ్చింది కాబట్టి: ఎక్కడా "పౌరుడిని" అనే గడిలో టిక్ పెట్టనివ్వొద్దు. తప్పుగా పౌరసత్వం చెప్పుకోవడం భవిష్యత్తులో గ్రీన్ కార్డు దారిని శాశ్వతంగా మూసేయగల నేరం. ఒకే ఇంట్లో అక్క పేపర్లు లేనిది, చెల్లి అమెరికాలో పుట్టింది అయితే చెల్లికి ఎఫ్ఏఎఫ్ఎస్ఏ, అక్కకు రాష్ట్ర ఫారం. చెల్లి ఫారంలో తల్లిదండ్రుల వివరాలు ఫెడరల్ ప్రభుత్వానికి వెళ్తాయి కాబట్టి ఇప్పటి వాతావరణంలో ముందు లాయర్‌తో మాట్లాడి నింపడం మంచిది. లాయర్ అంటే లాయరే. నోటరీ బోర్డు పెట్టుకుని ఇమిగ్రేషన్ పనులు చేసిపెడతామనేవాళ్లు కాదు. ఆ లాయర్ దగ్గరికి పిల్ల 21 దాటకముందే వెళ్లాలి. తల్లో తండ్రో వదిలేసిన పిల్లలకు, నేర బాధితులకు ఉన్న కొన్ని ప్రత్యేక దారులు ఈ కుటుంబాలకు తెలియవు. వదిలేసిన పిల్లల దారికి 21 లోపే దరఖాస్తు చేయాలి.

చివరికి రెండు మూడు కాలేజీలు మిగిలాక, పిల్ల పేరు చెప్పకుండా మీరే ఫోన్ చేయండి. పేపర్లు లేని విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఎవరైనా ఉన్నారా అని అడగండి. కాలిఫోర్నియాలో చాలా క్యాంపస్‌లలో డ్రీమ్ సెంటర్ ఉంటుంది. విద్యార్థి రికార్డులు 1974 నాటి ఫెడరల్ గోప్యతా చట్టం కింద ఎలా కాపాడతారో, ఎవరు ఏ కాగితం చూపిస్తే ఇస్తారో అడగండి. రాష్ట్ర రాయితీ రేపు రద్దయితే ఇప్పటికే చేరినవాళ్లకు మీ సొంత నిధి నుంచి ఏం చేస్తారు అని అడగండి. ఫోన్ ఎత్తిన మనిషి మూడో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన కాలేజీని, ర్యాంకింగ్‌లో ఇరవై మెట్లు కింద ఉన్నా, పైన పెట్టండి.